పోషక పదార్థాల శోషణపై వికిరణము, అధివృక్క హార్మోనుల ప్రభావము

ఆహారము జీర్ణమైన తరువాత ఏర్పడే గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, క్రొవ్వు ఆమ్లాలు, లవణాలు, విటమినులు ప్రేగు గోడను దాటి రక్తములోనికి లేదా శోషరసములోనికి చేరుటను శోషణము అంటారు. ఇది ప్రధానముగా చిన్నప్రేగులో జరుగుతుంది. వెలుపలి నుండి శరీరముపై పడే అయనీకరణ వికిరణము (ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు మొదలైనవి), శరీరములోనే తయారయ్యే అధివృక్క గ్రంథుల హార్మోనులు - ఈ రెండూ శోషణమును మార్చగలవు. అయితే రెండింటి తీరు ఒకటి కాదు. వికిరణము శోషణ చేసే కణాల సంఖ్యను తగ్గిస్తుంది. హార్మోనులు ఉన్న కణాల పనితీరును హెచ్చిస్తాయి లేదా తగ్గిస్తాయి. పైకి కనిపించే విరేచనాలు, వాంతులు, నీరసము, బరువు తగ్గుట వంటి లక్షణాలు మాత్రము రెండు సందర్భాలలోనూ ఒకే విధముగా ఉండవచ్చును. రెండింటికీ చికిత్సలు వేరు కనుక ఈ భేదమునకు ప్రాముఖ్యము ఉన్నది.

ప్రేగు గోడ నిర్మాణము

చిన్నప్రేగు లోపలి పొర నున్నగా ఉండదు. దానిపై అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు ఎత్తుగల వేలివంటి నిర్మాణాలు దట్టముగా ఉంటాయి. వీటిని ఆంత్రచూషకాలు అంటారు. ప్రతి చూషకమును కప్పి ఉండే ఉపకళా కణాల మీద మరల అతి చిన్న సూక్ష్మచూషకాలు ఉంటాయి. ఈ మడతల వలన శోషణకు లభించే వైశాల్యము ఎన్నో రెట్లు పెరుగుతుంది. జీర్ణనాళపు లోపలి వైశాల్యము ఒక టెన్నిస్ మైదానమంత ఉంటుందని చాలా పాఠ్యపుస్తకాలు వ్రాశాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు తిరిగి లెక్కకట్టి అది సుమారు 32 చదరపు మీటర్లే అని తేల్చారు. అంటే టెన్నిస్ మైదానము కాదు, బాడ్మింటన్ మైదానములో సగము.

చూషకాల మొదళ్ళ వద్ద గోడలోనికి దిగిన చిన్న గుంటలు ఉంటాయి. వీటిని లీబర్‌కూన్ గుహికలు అంటారు. గుహికల అడుగున ఉండే మూలకణాలు ఎడతెగక విభజన చెందుతూ ఉంటాయి. కొత్తగా పుట్టిన కణాలు గుహిక నుండి పైకి జరుగుతూ, ముదిరి, చూషకము కొనకు చేరి, అక్కడ రాలిపోతాయి. మానవులలో ఈ ప్రయాణము మొత్తము 3 నుండి 5 రోజులలో ముగుస్తుంది. వ్యవసాయము తెలిసినవారికి దీనిని నారుమడితో పోల్చి చెప్పవచ్చును. గుహిక నారుమడి, చూషకము నాట్లు వేసిన పొలము. భేదమల్లా ఈ పొలములో పంట వారమునకు ఒకసారి కంటె త్వరగా మారిపోవుటయే. వికిరణము వలన కలిగే హానిని అర్థము చేసుకొనుటకు ఈ ఒక్క విషయము చాలా ముఖ్యము.

శోషణము ప్రేగు అంతటా సమానముగా జరగదు. ఇనుము, కాల్షియము ఎక్కువగా మొదటి భాగమైన ఆంత్రమూలములోను, చక్కెరలు, అమైనో ఆమ్లాలు, క్రొవ్వులు మధ్య భాగమైన జెజునంలోను గ్రహింపబడతాయి. విటమిను బి12, పైత్యరస లవణాలు చివరి భాగమైన ఇలియం కొనలో మాత్రమే గ్రహింపబడతాయి. ఈ పనిని మరియొక భాగము చేయలేదు.

శోషణకు మూలము సోడియము

గ్లూకోజ్ తనంతట తాను కణములోనికి పోదు. దానిని లోపలికి చేర్చే వాహక ప్రోటీను రెండు సోడియం అయానులతో పాటు ఒక గ్లూకోజ్ అణువును తీసుకొనిపోతుంది. 1960లో ప్రాగ్ నగరములో జరిగిన శాస్త్రసభలో రాబర్ట్ క్రేన్ ఈ సిద్ధాంతమును ప్రతిపాదించాడు. చాలా అమైనో ఆమ్లాలు కూడా ఇదే మార్గమును అనుసరిస్తాయి. లోపలికి వచ్చిన సోడియమును కణము వెనుకవైపు గల సోడియం పంపు బయటకు తోడివేస్తుంది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ 1957లో వర్ణించిన ఈ పంపు ఒక్కొక్క ఏ.టీ.పీ. అణువును ఖర్చు చేసి మూడు సోడియం అయానులను బయటకు, రెండు పొటాషియం అయానులను లోపలికి పంపుతుంది. ఈ కృషికి స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగము లభించింది. ఇక్కడ ఖర్చయ్యే ఏ.టీ.పీ.ని కండరము నుండి వేరుచేసినట్లు 1929లో ప్రకటించినవారిలో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని కనుగొన్నాడు.

సోడియము, గ్లూకోజ్ జంటగా లోపలికి పోయినపుడు వాటి వెంట నీరు కూడా పోతుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీరు (ఓ.ఆర్.ఎస్.) విరేచనాలలో ప్రాణము నిలుపుటకు కారణము ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరములో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ ద్రావణమును విరివిగా వాడి, కలరా రోగులలో సుమారు 30 శాతము ఉన్న మరణాలను 4 శాతము లోపునకు తగ్గించారు. కలరాలో ఉపకళా కణాలు చెక్కుచెదరకుండా ఉంటాయి కనుకనే ఇది సాధ్యమైనది. ఆ కణాలే లేనప్పుడు పరిస్థితి వేరు.

వికిరణ ప్రభావము

రాంట్‌జన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. రెండు సంవత్సరాలు గడవక ముందే, 1897లో, ఎక్స్-కిరణాలతో పనిచేసినవారిలో కడుపునొప్పి, విరేచనాలు వంటి లక్షణాలను డేవిడ్ వాల్ష్ అనే బ్రిటిష్ వైద్యుడు నివేదించాడు. 1906లో ఫ్రాన్సులో బెర్గోనియె, ట్రిబోండో అనే ఇద్దరు ఒక సూత్రమును ప్రకటించారు. దాని ప్రకారము, వేగముగా విభజన చెందుతూ ఇంకా ప్రత్యేక రూపము దాల్చని కణాలు వికిరణమునకు ఎక్కువగా లోనవుతాయి. గుహికలలోని మూలకణాలు సరిగా ఇటువంటివే.

కనుక వికిరణము ముందుగా దెబ్బతీసేది నారుమడిని. పొలములో ఉన్న పంట, అనగా చూషకాలపై ఉన్న ముదురు కణాలు, కొన్ని రోజులు మామూలుగానే పనిచేస్తాయి. అవి తమ వంతు రాగానే రాలిపోతాయి. వాటి స్థానములోనికి రావలసిన కొత్త కణాలు ఉండవు. చూషకాలు పొట్టివై, మొద్దుబారి, తీవ్రమైన సందర్భములో నున్నగా అయిపోతాయి. అందుచేతనే వికిరణము సోకిన రోజుననే కాక, కొన్ని రోజుల తరువాత అసలు బాధ మొదలవుతుంది. మొదటి గంటలలో వచ్చే వాంతులు వేరు. అవి సెరొటోనిన్ విడుదల, నాడీ సంకేతాల వలన కలిగేవి. వాటికీ చూషకాల నాశనానికీ నేరు సంబంధము లేదు.

వికిరణ మోతాదును గ్రే అనే ప్రమాణములో కొలుస్తారు. శరీరమంతటిపై ఒకేసారి సుమారు 10 గ్రేలకు మించి పడితే జీర్ణనాళ సంలక్షణము అనే స్థితి ఏర్పడుతుంది. 6 గ్రేల వద్దనే కొన్ని లక్షణాలు కనిపించవచ్చును. ప్రేగు పొర ఊడిపోవుట వలన నీరు, లవణాలు, ప్రోటీనులు బయటకు కారిపోతాయి. ప్రేగులోని బాక్టీరియా రక్తములోనికి చొరబడతాయి. అదే సమయములో ఎముక మజ్జ కూడా దెబ్బతిని ఉండుట వలన తెల్లరక్తకణాలు తగ్గి ఉంటాయి. ఈ స్థితిలో సాధారణముగా రెండు వారాల లోపున మరణము సంభవిస్తుంది. పోషకాహార లోపము ఈ మరణమునకు కారణము కాదు, అంత వ్యవధి ఉండదు. నీటి నష్టము, రక్తములో ఇన్‌ఫెక్షను ముఖ్య కారణాలు. 1986 చెర్నోబిల్ ప్రమాదములో తీవ్ర వికిరణ వ్యాధి నిర్ధారణ అయిన 134 మందిలో 28 మంది ఆ సంవత్సరమే మరణించారు. అధిక మోతాదు పొందినవారిలో ప్రేగు, చర్మము, మజ్జ కలిసి దెబ్బతిన్నాయి.

ఇటువంటి ప్రమాదాలు అరుదు. సామాన్య జీవితములో ప్రేగుకు వికిరణము తగిలేది క్యాన్సర్ చికిత్సలో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, పురీషనాళ క్యాన్సర్ మొదలైనవాటికి కటి భాగముపై రోజుకు 1.8 నుండి 2 గ్రేల చొప్పున ఐదు వారాల పాటు 45 నుండి 50 గ్రేల వరకు ఇస్తారు. మోతాదును విడగొట్టి ఇచ్చుట వలన రోజుకు రోజుకు మధ్య గుహికలు కొంత కోలుకుంటాయి. అయినను రెండవ, మూడవ వారములో చాలామందికి విరేచనాలు మొదలవుతాయి. చికిత్స ముగిసిన కొద్ది వారాలలో ఇవి సాధారణముగా తగ్గిపోతాయి.

కటి భాగములో ఉండే ప్రేగు ముఖ్యముగా ఇలియం కొన. పైత్యరస లవణాలలో సుమారు 95 శాతము ఇక్కడనే తిరిగి గ్రహింపబడి కాలేయమునకు చేరాలి. ఆ పని చెడినప్పుడు అవి పెద్దప్రేగులోనికి పోయి, అక్కడ నీటిని స్రవింపజేసి, విరేచనాలు కలిగిస్తాయి. లవణాల నష్టము మరీ ఎక్కువైతే క్రొవ్వు శోషణ కూడా తగ్గుతుంది. దానితో పాటు క్రొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమినులు కూడా పోతాయి. మామూలు విరేచనాల మందు పనిచేయని కొందరిలో పైత్యరస లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ మంచి గుణమిచ్చుటకు కారణము ఇదే. విటమిను బి12 లోపము మాత్రము వెంటనే బయటపడదు. కాలేయములో కొన్ని సంవత్సరాలకు సరిపడే నిల్వ ఉంటుంది కనుక, చికిత్స పూర్తయి రోగి ఆ సంగతే మరచిన తరువాత రక్తహీనతగానో, అరికాళ్ళ తిమ్మిరిగానో అది తెలియవచ్చును.

పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము చూషకాల పైభాగములో ఉంటుంది. చూషకాలు పొట్టివైనప్పుడు మొదట తగ్గేది అదే. అందుచేత చికిత్స కాలములో పాలు పడకపోవచ్చును. దక్షిణ భారతీయులలో చాలామందికి పెద్దవయస్సులో లాక్టేజ్ సహజముగానే తక్కువ కనుక ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. పెరుగులో, మజ్జిగలో లాక్టోజ్ కొంత పులిసిపోయి ఉంటుంది గనుక అవి పాలకంటె బాగా సరిపడతాయి.

కొందరిలో నెలలు, సంవత్సరాలు గడచిన తరువాత వేరొక రకపు హాని బయలుదేరుతుంది. ఇది కణాల పుట్టుక ఆగుట వలన కాదు. ప్రేగు గోడలోని చిన్న రక్తనాళాలు మూసుకొనిపోయి, గోడ మందమై, తంతుకణజాలముతో బిగుసుకొనుట వలన కలుగుతుంది. ప్రేగు ఇరుకైన చోట ఆహారము నిలిచి బాక్టీరియా అతిగా పెరుగుతాయి. అవి బి12ను, పోషకాలను తామే వాడుకుంటాయి.

రోగనిర్ధారణకు తీసే ఎక్స్-రే, సి.టి. స్కాన్‌ల వలన శోషణ దెబ్బతినదు. పొట్ట సి.టి. స్కాన్ మోతాదు సుమారు 10 మిల్లీసీవర్టులు, అనగా ప్రేగు పొరను నాశనము చేసే మోతాదులో సుమారు వెయ్యవ వంతు. సెల్‌ఫోను తరంగాలు అసలు అయనీకరణ వికిరణమే కావు.

అధివృక్క హార్మోనులు

రెండు మూత్రపిండాలపై టోపీలవలె ఉండే అధివృక్క గ్రంథులకు వెలుపల వల్కలము, లోపల దవ్వ అనే రెండు భాగాలు ఉన్నాయి. వల్కలము కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ మొదలగు స్టిరాయిడ్లను, దవ్వ ఎడ్రినలిన్‌ను స్రవిస్తాయి.

వల్కలము నాశనమైనప్పుడు కలిగే వ్యాధిని 1855లో థామస్ ఆడిసన్ లండనులో వర్ణించాడు. నీరసము, చర్మము నల్లబడుట, ఆకలి లేకపోవుట, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గుట, ఉప్పుపై విపరీతమైన కోరిక దీని లక్షణాలు. భారతదేశములో అధివృక్క గ్రంథులకు సోకే క్షయ దీనికి ఒక ముఖ్య కారణము.

శోషణపై ఈ హార్మోనుల ప్రభావము గురించి 1930లలో పెద్ద వివాదము నడిచింది. బాసెల్ నగరములో పనిచేసిన ఫ్రిట్జ్ వెర్జార్, అధివృక్క గ్రంథులు తొలగించిన ఎలుకలలో గ్లూకోజ్ శోషణ బాగా తగ్గుతుందని చూపి, ఈ శోషణమును వల్కల హార్మోనే నడిపిస్తుందని వాదించాడు. అయితే ఆ ఎలుకలకు త్రాగుటకు ఉప్పునీరు ఇచ్చినప్పుడు, హార్మోను లేకున్నను శోషణ దాదాపు మామూలు స్థితికి వచ్చుటను ఇతరులు గమనించారు. ఆల్డోస్టిరోన్ లేనప్పుడు సోడియము మూత్రములో పోయి, రక్త పరిమాణము తగ్గి, ప్రేగుకు రక్తప్రసరణ క్షీణిస్తుంది, జంతువు సరిగా తినదు కూడా. ఉప్పు దీనిని సరిదిద్దింది. ఆ రోజులలో గ్లూకోజ్ వాహకమునకు సోడియము కావాలని ఎవరికీ తెలియదు. క్రేన్ సిద్ధాంతము రావడానికి ఇంకా ఇరవై సంవత్సరాలకు పైగా ఉన్నది.

వెర్జార్ పూర్తిగా పొరబడినాడని కూడా చెప్పలేము. కార్టిసాల్ వంటి హార్మోనులు ప్రేగు కణాలలోనికి ప్రవేశించి, కేంద్రకములోని జన్యువులను ప్రేరేపించి, సోడియమును లోపలికి తెచ్చే ప్రోటీనులను, సోడియం పంపును పెంచుతాయని తరువాత తెలిసింది. ఆల్డోస్టిరోన్ ముఖ్యముగా పెద్దప్రేగు చివరి భాగముపై పనిచేసి, మలములో సోడియము పోకుండా పట్టి, దానికి బదులు పొటాషియమును వదలుతుంది. రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవము చిన్నప్రేగులోనికి చేరుతుంది. అందులో 2 లీటర్లు త్రాగినది, తక్కినది జీర్ణరసాలు. మలముతో బయటకు పోయేది 100 నుండి 200 మిల్లీలీటర్లే. ఇంత పొదుపులో ఈ హార్మోనులకు భాగమున్నది.

ఎదిగే దశలో కార్టిసాల్ పాత్ర మరింత స్పష్టము. ఎలుక పిల్లలు మూడవ వారములో పాలు మానే సమయమున రక్తములో అధివృక్క హార్మోను పెరుగుతుంది. అప్పుడే లాక్టేజ్ తగ్గి, మామూలు చక్కెరను జీర్ణము చేసే సుక్రేజ్ కనిపిస్తుంది. పిల్లలకు ముందుగానే కార్టిసోన్ ఇస్తే సుక్రేజ్ కూడా ముందుగానే వస్తుంది.

కాల్షియము విషయములో ఇదే హార్మోను విరుద్ధముగా ప్రవర్తిస్తుంది. ప్రెడ్నిసొలోన్ వంటి మందులు దీర్ఘకాలము వాడినప్పుడు ఆంత్రమూలములో విటమిను డి చేయించే కాల్షియము శోషణ తగ్గుతుంది. మూత్రములో కాల్షియము ఎక్కువగా పోతుంది. ఎముక తయారీ కూడా మందగిస్తుంది. ఈ మూడింటిలో చివరిదే ఎముకలు గుల్లబారుటకు ప్రధాన కారణమైనను, మొదటిదానిని ఆహారముతో కొంత సరిచేయవచ్చును. అందుకే మూడు నెలలు, అంతకు మించి స్టిరాయిడ్లు వాడేవారికి రోజుకు 1000 నుండి 1200 మిల్లీగ్రాముల కాల్షియము, 600 నుండి 800 యూనిట్ల విటమిను డి అందాలని సూచిస్తారు. స్టిరాయిడ్లు వాడేవారు లావెక్కుట చూసి ఒంటికి తిండి బాగా పడుతున్నదని అనుకొనుట పొరపాటు. పెరిగేది ఆకలి, నీరు, క్రొవ్వు. కండరము, ఎముక తరుగుతూ ఉంటాయి.

ఎడ్రినలిన్ విషయము విచిత్రమైనది. హార్వర్డ్ వైద్య విద్యార్థిగా ఉండగా వాల్టర్ కానన్ 1896లో పిల్లులకు బిస్మత్ కలిపిన ఆహారము పెట్టి, ఎక్స్-కిరణాల సహాయముతో వాటి జీర్ణాశయపు కదలికలు చూచుట మొదలుపెట్టాడు. పిల్లి బెదిరినప్పుడు, కోపగించినప్పుడు కదలికలు నిలిచిపోయేవి. 1911లో ఆయన, డి లా పాజ్ కలిసి కుక్క మొరుగుటకు బెదిరిన పిల్లి రక్తమును ప్రేగు కండరపు ముక్కపై పోయగా అది సడలిపోయింది. బెదరని పిల్లి రక్తము అలా చేయలేదు. రక్తములో ఎడ్రినలిన్ ఉన్నదనుటకు ప్రేగే సాక్ష్యము చెప్పిందన్నమాట. రక్షణ ఎరుగని ఆ తొలినాళ్ళ ఎక్స్-కిరణాల ఫలితముగా కానన్‌కు చర్మ వ్యాధి పట్టి జీవితాంతము బాధించింది. ఆయన 1945లో మరణించాడు.

ఎడ్రినలిన్ ప్రేగుకు రక్తప్రసరణను, కదలికలను తగ్గిస్తుంది. కాని కణస్థాయిలో అది సోడియము, నీటి శోషణను పెంచి స్రావాలను తగ్గిస్తుంది. మామూలు స్థితిలో ఈ పని ఎక్కువగా ప్రేగులోని నాడుల చివరల నుండి వచ్చే నార్‌ఎడ్రినలిన్ చేస్తుంది, గ్రంథి వాటా తక్కువ. మధుమేహములో ఆ నాడులు చెడినవారికి వచ్చే విరేచనాలకు, అదే గ్రాహకములపై పనిచేసే క్లోనిడిన్‌ను కొన్నిసార్లు వాడతారు.

రెండింటి కలయిక

వికిరణము సోకిన జంతువులో పీయూష గ్రంథి ద్వారా అధివృక్క గ్రంథులు ఉత్తేజితమవుతాయని 1940ల చివరలో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అధివృక్క గ్రంథులు తొలగించిన జంతువులు తక్కువ మోతాదుకే చనిపోతాయి. అంటే నీరు, ఉప్పు, రక్తపీడనము నిలుపుకొనుటకు ఆ హార్మోనులు అవసరము. అంతమాత్రమున కార్టిసోన్ వికిరణమునకు విరుగుడు కాలేదు. చచ్చిన మూలకణమును ఏ హార్మోనూ బ్రతికించలేదు.

ఇటువంటి ప్రయోగాల ఫలితాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరము. వికిరణము తగిలిన ఎలుక తిండి తగ్గిస్తుంది, దాని జీర్ణాశయము నెమ్మదిగా ఖాళీ అవుతుంది. నోటి ద్వారా ఇచ్చిన గ్లూకోజ్ రక్తములో ఆలస్యముగా కనిపించినంత మాత్రమున శోషణ చెడినదని చెప్పరాదు, అది ఇంకా ప్రేగుకే చేరకపోయి ఉండవచ్చును. అందుకే అంతే తిండి పెట్టిన ఆరోగ్యవంతమైన ఎలుకతో పోల్చుట, ప్రేగులోనికే నేరుగా ద్రావణమును పంపి కొలుచుట వంటి పద్ధతులు వచ్చాయి. అధివృక్క గ్రంథులు లేని ఎలుకల విషయములోనూ ఇదే చిక్కు.

వైద్యశాలలో ఈ రెండూ ఒకే రోగిలో కలియుట అరుదు కాదు. పొట్టపై వికిరణ చికిత్స పొందేవారికి వాంతులు ఆపుటకు ఒండాన్‌సెట్రాన్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టిరాయిడును కొద్ది రోజులు ఇస్తారు. మెదడులో వాపు వంటి కారణాలకు కొందరు దీనిని వారాల తరబడి వాడతారు. అట్లు వాడినప్పుడు రోగి స్వంత అధివృక్క గ్రంథులు పని తగ్గించుకొని నిద్రాణమవుతాయి. ఆ సమయమున మందు హఠాత్తుగా మానినా, వాంతుల వలన మాత్ర కడుపులో నిలవకపోయినా, శరీరములో కార్టిసాల్ చాలదు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, తల తిరుగుట, రక్తపీడనము పడిపోవుట సంభవిస్తాయి. ఇవన్నీ వికిరణము వలననే అనుకొని కేవలము విరేచనాల మందు ఇచ్చి ఊరకుంటే ప్రాణాపాయము.

గుర్తించుటకు రక్తములో సోడియము, గ్లూకోజ్, కార్టిసాల్ చూస్తారు. ఆడిసన్ వ్యాధిలో పొటాషియము పెరుగుతుంది. మందు మానుట వలన వచ్చిన లోపములో ఆల్డోస్టిరోన్ తగ్గదు కనుక పొటాషియము మామూలుగానే ఉండవచ్చును, అది చూసి అనుమానము వదలుకొనరాదు. అనుమానము బలముగా ఉన్నప్పుడు ఫలితాల కొరకు ఆగకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను, సిరలోనికి ఉప్పునీరు ఎక్కిస్తారు. లోపము హార్మోనుదే అయితే రక్తపీడనము కొద్ది గంటలలోనే కుదుటపడుతుంది. వికిరణముతో ఊడిన ప్రేగు పొర అయితే అంత త్వరగా మారదు. బ్రతికి మిగిలిన గుహికల నుండి కొత్త కణాలు పైకి ఎక్కి చూషకములను తిరిగి కప్పుటకు రోజులు పడుతుంది.